ప్లేటు మీద చచ్చిన బ్యాక్టీరియా కాథెటర్ లోపల ఎందుకు చావదు?

ప్రశ్న సారాంశం: అడిగినవారు మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చివరి ఏడాది విద్యార్థి. వేపాకు కషాయంతో వెండి నానో కణాలు తయారుచేశారు. అగార్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే జిగురు పలక) మీద సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు, కణాలు పెట్టిన బిళ్ళ చుట్టూ ఏమీ పెరగని 18 మిల్లీమీటర్ల వలయం వచ్చింది. మూత్రం కోసం పెట్టే కాథెటర్ గొట్టాల మీది బయోఫిల్మ్‌ను, అంటే బ్యాక్టీరియా అల్లుకునే జిగట పొరను, ఈ కణాలు తొలగిస్తాయని ప్రాజెక్టు నివేదికలో రాయవచ్చా, ఇంత బాగా పనిచేసేవి ఆసుపత్రుల్లోకి ఇంకా ఎందుకు రాలేదు అని అడిగారు.

మొదటిదానికి జవాబు చిన్నది: ఇప్పుడే రాయకండి. రెండోదానికి జవాబు పొడవు, మొదటిదానికి కారణం కూడా అందులోనే ఉంది. నేను ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. అందులో సగం కాలం రోగుల నుంచి తీసేసిన కాథెటర్లను నిలువునా కోసి లోపలి జిగటను గీకడంలోనే గడిచింది. కాబట్టి కొంచెం చాదస్తంగా చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు ఆ 18 మిల్లీమీటర్ల సంగతి. అది చదవగానే నాకు సంతోషం కన్నా అనుమానం ఎక్కువ కలిగింది. వెండి అగార్‌లో అంత దూరం నడవదు. అందులోని క్లోరైడ్, ప్రోటీన్లలో గంధకం ఉన్న భాగాలు వెండి అయాన్లను దారిలోనే పట్టేస్తాయి. నానో కణాలకైతే అగార్ వలలో కదలడమే కష్టం. అందువల్ల వెండి పెట్టిన బిళ్ళ చుట్టూ మామూలుగా చిన్న వలయమే వస్తుంది. పెద్దది వచ్చిందంటే చర్యలో ఖర్చు కాకుండా మిగిలిన సిల్వర్ నైట్రేట్ (కణాల తయారీకి వాడే వెండి లవణం) మీ ద్రావణంలో ఉండి ఉండవచ్చు. కణాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని శుద్ధజలంతో కనీసం మూడుసార్లు కడిగారా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు.

మేమూ ఇక్కడే బోల్తా పడ్డాం. మా మొదటి కణాలు చూడముచ్చటగా ఉండేవి, ఫలితాలూ అలాగే ఉండేవి. ఏడాది తరువాత ఒక కొత్త అమ్మాయి ల్యాబులో చేరి, కడిగిన కణాలను ఒక వరుసలోనూ, కడగగా పైన మిగిలిన నీళ్ళను మరో వరుసలోనూ పోసి చూసింది. నీళ్ళే ఎక్కువ బ్యాక్టీరియాను చంపాయి. ఆ సాయంత్రం మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

సరే, కణాలు శుభ్రంగానే ఉన్నాయనుకుందాం. అయినా ఆ వలయం బయోఫిల్మ్ గురించి ఏమీ చెప్పదు. పాత బావి మెట్ల మీద కాలు జారేలా చేసే పాకుడు మీరు చూసే ఉంటారు. పొద్దున లేవగానే పళ్ళ మీద నాలుకకు తగిలే పాచి దానికి దగ్గరి చుట్టమే. బావి పాకుడులో ఎక్కువ పాలు నాచుది, పళ్ళ పాచిలో బ్యాక్టీరియాది. బయోఫిల్మ్ అంటే ఇలాంటి పాకుడే. ఈ పాచి మీద మొదటి ప్రయోగం 1680లలోనే జరిగింది. డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి లీవెన్‌హూక్ వెనిగర్‌తో పళ్ళు కడుక్కుని, ఆ తరువాత తీసిన పాచిని తన కటకం కింద చూశాడు. అందులోని జీవులు హాయిగా తిరుగుతున్నాయి. అదే పాచిని బయటికి తీసి వెనిగర్‌లో కలిపితే చచ్చిపోయాయి. పై పొరలో ఉన్నవాటినే వెనిగర్ చంపిందని, లోపలి దాకా వెళ్ళలేదని అతను రాసిపెట్టాడు. మీ ప్లేటుకూ ఆసుపత్రి కాథెటర్‌కూ ఉన్న తేడా అంతా ఆ వాక్యంలో ఉంది.

ఉపరితలానికి అంటుకున్నాక బ్యాక్టీరియా చక్కెర గొలుసులు, ప్రోటీన్లు, చచ్చిన తోటి కణాల డీఎన్ఏ కలిపి తన చుట్టూ ఒక బంక అల్లుకుంటుంది. ఈ డీఎన్ఏ ఊరికే పడి ఉన్న చెత్త కాదని 2002లో సూడోమోనాస్ మీద జరిగిన పరిశోధన చూపింది. డీఎన్ఏను కోసే ఎంజైమును కలిపితే లేత బయోఫిల్మ్ విడిపోయింది, ముదిరినది పెద్దగా లొంగలేదు. ఈ 'ముదరడం' అన్న మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం. బంక ఒక్కటే అడ్డమైతే మందు మోతాదు పెంచి గెలవవచ్చు. లోపల నిద్రపోయేవాళ్ళు కూడా ఉన్నారు. 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే ఐరిష్ వైద్యుడు పెన్సిలిన్ పోసినా చావని కొద్దిపాటి స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా కణాలను గమనించి వాటికి పర్సిస్టర్లు అని పేరు పెట్టాడు. అవి నిరోధకత సంపాదించినవి కావు. పెరగడం మానేసి కూర్చున్నవి. గోడ కడుతున్న కణాన్నే పెన్సిలిన్ దెబ్బతీయగలదు, తాపీ కింద పెట్టేసినదాన్ని ఏమి చేస్తుంది? పోషకాలు, ఆక్సిజన్ అందని పాకుడు అడుగున ఇలాంటివి ఎక్కువ. ఇవన్నీ కలిసే, నీళ్ళలో తేలే బ్యాక్టీరియాను చంపే మోతాదుకు పదింతల నుంచి వెయ్యింతల దాకా పోసినా బయోఫిల్మ్ తట్టుకుంటుంది.

నానో కణాల మీద ఆశ పుట్టింది ఇక్కడే. వెండి ఒకేసారి చాలా చోట్ల కొడుతుంది. పొరను చీలుస్తుంది, శ్వాస ఎంజైములను పట్టేస్తుంది, డీఎన్ఏకు అంటుకుంటుంది. నిద్రలో ఉన్న కణాన్ని కూడా చంపగలగడం దాని గొప్పతనం. అయితే ఈ పని ఎక్కువగా చేసేది వెండి నానో కణమా, దాని నుంచి ఊరే అయానా అన్న వాదన చాలా కాలం నడిచింది. 2012లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక తెలివైన పని చేశారు. ఆక్సిజన్ ఏ మాత్రం లేని గదిలో వెండి నానో కణాలను ఈ.కోలై అనే బ్యాక్టీరియాకు తగిలించారు. ఆక్సిజన్ లేకపోతే వెండి ఆక్సీకరణం చెందదు, అయాన్లు ఊరవు. కణాలు దాదాపు ఏమీ చేయలేకపోయాయి. కాబట్టి మీ కణాన్ని తూటాగా ఊహించుకోకండి, అయాన్లను కొంచెం కొంచెంగా వదిలే కుండగా ఊహించుకోండి. ఇప్పుడు పాకుడు అడుగున ఆక్సిజన్ ఉండదని ఇంతకుముందే అనుకున్నాం కదా. కణం కష్టపడి అక్కడిదాకా చేరినా కుండ ఊరుతుందా అన్నది నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న. చాలా పరిశోధన పత్రాలు దీన్ని తాకకుండా పక్కనుంచి వెళ్ళిపోతాయి.

చేరడం మాత్రం తేలికా? బంక అంటే సన్నని రంధ్రాల జల్లెడ. స్థూలంగా 50 నానోమీటర్ల లోపు కణాలు అందులో కదులుతాయి, అంతకు మించిన కొద్దీ నడక మందగిస్తుంది. విద్యుదావేశం ఇంకో చిక్కు. బంక ఎక్కువగా రుణావేశంతో ఉంటుంది. ధనావేశం ఉన్న కణం పై పొరకే అతుక్కుపోతుంది, కొన్నిచోట్ల అదే మేలు కూడా. ఆకు కషాయంతో చేసిన కణాల మీద సాధారణంగా రుణావేశమే ఉంటుంది, అవి అంతగా అతుక్కోవు. కానీ వాటికి ఉప్పు పడదు. మీ గోధుమ రంగు ద్రావణాన్ని బ్యాక్టీరియా పెంచే ద్రవంలో పోసి ఒక గంట ఆగి చూడండి. రంగు బూడిదలోకి తిరిగిందంటే కణాలు ముద్దకట్టాయని అర్థం. నివేదికలో 20 నానోమీటర్లు అని రాసినది పరీక్ష గుంటలోకి వెళ్ళేసరికి వందలు దాటిపోయి ఉండవచ్చు. కణం పరిమాణాన్ని నీళ్ళలో ఒకసారి, మీరు పరీక్ష చేసే ద్రవంలో మరోసారి కొలవాలి. ఎక్కువమంది మొదటిది మాత్రమే కొలుస్తారు.

ఇక ప్రయోగం ఎలా చేయాలన్నది. మీ గైడ్ బహుశా క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు వేసి చూసే పరీక్ష చెప్పి ఉంటారు. చౌక, తేలిక, 96 గుంటల ప్లేటులో ఒక పూటలో అయిపోతుంది. కానీ ఆ రంగు బతికిన కణానికీ చచ్చిన కణానికీ ఖాళీ బంకకూ ఒకేలా పడుతుంది. అన్ని కణాలూ చచ్చి బంక మిగిలితే 'పనిచేయలేదు' అంటుంది. బంక కడుగులో ఊడిపోయి బ్యాక్టీరియా బతికి వేరేచోటికి పోతే 'పనిచేసింది' అంటుంది. ఆసుపత్రిలో ఈ రెండో సంగతే ప్రమాదం. అందువల్ల రంగుతో పాటు లెక్క కూడా చూడండి. బయోఫిల్మ్‌ను సోనికేటర్ (ధ్వని తరంగాలతో కదిలించే యంత్రం)తో విడదీసి, పలుచన చేసి, ప్లేటు మీద పోసి కాలనీలు లెక్కపెట్టండి. లెక్కకు ముందు మిగిలిన వెండిని సోడియం థయోగ్లైకొలేట్, థయోసల్ఫేట్ కలిపి పనిచేయకుండా ఆపాలి. లేకపోతే బయోఫిల్మ్‌లో చావని బ్యాక్టీరియా మీ లెక్క ప్లేటు మీదికి వచ్చి, వెంట తెచ్చుకున్న వెండితో అక్కడ చస్తుంది. మీరు విజయం అనుకుంటారు.

శాతాల్లో కూడా రాయకండి. కాథెటర్ ముక్క మీద పది కోట్ల బ్యాక్టీరియా ఉందనుకోండి. '90 శాతం తగ్గింది' అంటే గొప్పగా వినిపిస్తుంది, కోటి మిగిలే ఉంది. 99.9 శాతం పోయినా లక్ష ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే లాగ్ లెక్క, అంటే ఎన్నిసార్లు పదో వంతుకు తగ్గిందన్న లెక్క.

కంట్రోళ్ళు, అంటే పోల్చి చూడటానికి పెట్టే వరుసలు, అన్నిటికన్నా ముఖ్యం. కణాలు కలపని వేపాకు కషాయం, అంతే వేడి చేసి, అంతే పలుచన చేసి. కణాల్లో ఎంత వెండి ఉందో సరిగ్గా అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్. కడిగిన నీళ్ళు. ఈ మూడూ లేని ఆకు నానో పత్రాలు మన దేశంలో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. తులసి, కలబంద, మునగ, ఉత్తరేణి అంటూ చెట్టుకో పత్రం చొప్పున వచ్చాయి. ఆ కుప్పలో ఇంకొకటి చేర్చడం కన్నా, మీ కణాలు సిల్వర్ నైట్రేట్ కన్నా ఎక్కడ మెరుగో ఎక్కడ కాదో నిజాయితీగా చూపితే నాలాంటివాళ్ళు చదువుతారు.

మరొక తేడా. కణాలను బ్యాక్టీరియాతో పాటు మొదటి గంటలోనే పోసి 'బయోఫిల్మ్ ఏర్పడలేదు' అనడం ఒకటి, 48 గంటలో 72 గంటలో ముదిరిన బయోఫిల్మ్ మీద పోసి 'పోయింది' అనడం మరొకటి. పాకుడు పట్టకుండా బావి మెట్లకు సున్నం వేయడానికీ, పట్టిన పాకుడును గీకడానికీ ఉన్నంత తేడా. మీరు 'తొలగిస్తాయి' అని రాయాలనుకుంటున్నారు కాబట్టి రెండోదే చేసి చూపాలి. నా అనుభవంలో వెండి మొదటి పనికి బాగా, రెండో పనికి అంతంతమాత్రంగా పనికివస్తుంది.

ఆసుపత్రుల్లోకి ఎందుకు రాలేదన్న ప్రశ్నకు వస్తాను. వెండి నిజానికి వచ్చింది, ఎక్కువగా నానో కణాల రూపంలో కాక మిశ్రమ లోహపు పూతగా. కాలిన గాయాలకు సిల్వర్ సల్ఫాడయజీన్ అనే వెండి మందు 1968 నుంచి ఉంది. శ్వాస గొట్టాలకు వెండి పూత వేసి చేసిన పెద్ద ప్రయోగం 2008లో అచ్చయింది. వెంటిలేటర్ మీద వచ్చే న్యుమోనియా మామూలు గొట్టాలతో 7.5 శాతం, పూత గొట్టాలతో 4.8 శాతం. బాగుంది. కానీ మరణాల్లో, ఐసీయూలో గడిపిన రోజుల్లో తేడా రాలేదు. మీకు కావలసిన మూత్రపు కాథెటర్ల విషయంలో కథ ఇంకా చప్పగా ఉంది. బ్రిటన్‌లో ఏడు వేల మందికి పైగా రోగులతో జరిగి 2012లో వెలువడిన ప్రయోగంలో, కొద్దిరోజులు కాథెటర్ ఉన్నవాళ్ళలో లక్షణాలతో కూడిన మూత్ర ఇన్‌ఫెక్షన్ వెండి మిశ్రమ పూతతో 12.5 శాతం, మామూలు కాథెటర్‌తో 12.6 శాతం. ప్లేట్ల మీద అద్భుతంగా ఉన్న పూత మంచం పక్కన దాదాపు ఏమీ చేయలేదు.

ఎందుకని? మూత్రంలో క్లోరైడ్ దండిగా ఉంటుంది, వెండిని తెల్లని సిల్వర్ క్లోరైడ్‌గా దింపేస్తుంది. ప్రోటీన్లు పూత మీద పొరలా కప్పుకుంటాయి. బ్యాక్టీరియాలో ఒక తరం చచ్చి పూత మీద పరుచుకుంటే, తరువాతి తరం ఆ శవాల చాప మీద కూర్చుంటుంది. పూతకూ బతికిన బ్యాక్టీరియాకూ మధ్య తాకిడే ఉండదు. ఇది ఊహ కాదు, కోసిన కాథెటర్లను మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు పొరలు పొరలుగా కనబడేది ఇదే.

పూత వల్ల హాని జరిగిన సందర్భమూ ఉంది. 1990ల చివర్లో కృత్రిమ గుండె కవాటాల కుట్టు పట్టీకి వెండి పూసి అమ్మారు. కవాటం చుట్టూ రక్తం కారే సమస్య పెరగడంతో 2000 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. బ్యాక్టీరియాను అంటనివ్వని ఉపరితలం మన కణజాలాన్ని కూడా సరిగ్గా అంటనివ్వకపోవచ్చు. అందుకని మీ కణాలను మానవ కణాల మీద పరీక్షించకుండా 'సురక్షితం' అన్న మాట వాడవద్దు, ఆకుతో చేసినా సరే. వేపాకు వెండిని వెండి కాకుండా చేయదు. వెండి నీళ్ళు తాగితే ఒంటికి మంచిదని నమ్మి చర్మం నీలి బూడిద రంగుకు తిరిగినవాళ్ళు ఉన్నారు, ఆ రంగు మళ్ళీ పోదు.

ఇంత చెప్పాక నానో వల్ల లాభం లేదని నేను అంటున్నానని అనుకోవద్దు. పనిచేసిన చోట్లు ఉన్నాయి, అవి ఎందుకు పనిచేశాయో చూడండి. అమికాసిన్ అనే పాత యాంటీబయాటిక్‌ను దాదాపు 300 నానోమీటర్ల కొవ్వు బుడగల్లో నింపి, ఊపిరితిత్తుల్లోకి పీల్చే మందుగా చేశారు. ఆవేశం లేని బుడగ కాబట్టి సూడోమోనాస్ బంకలోకి చొరబడుతుందని ల్యాబులో తేలింది. చివరికి అనుమతి దొరికింది మాత్రం మైకోబ్యాక్టీరియం ఏవియం అనే బ్యాక్టీరియా వల్ల ఊపిరితిత్తులకు వచ్చే మొండి జబ్బుకు, 2018లో అమెరికాలో. ఆరు నెలల్లో కఫం పరీక్ష నెగటివ్ అయినవారు ఈ మందు కలిపినవాళ్ళలో 29 శాతం, పాత మందులే వాడినవాళ్ళలో 9 శాతం. పైన 50 నానోమీటర్లు అన్నాను, ఇక్కడ 300 పనిచేసింది. కొవ్వు బుడగ మెత్తగా వంగుతుంది, వెండి గుండు వంగదు. సంఖ్యలను సూత్రాలుగా పట్టుకోకూడదని దీన్నిబట్టి నేర్చుకున్నాను.

నాకు మరీ నచ్చినది పళ్ళ కథ. కిడ్నీ రోగుల రక్తహీనతకు ఫెరుమాక్సిటాల్ అనే ఇనుప ఆక్సైడ్ నానో మందు 2009 నుంచి ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హ్యూన్ కూ బృందం దాన్ని పళ్ళ పాచి మీద ప్రయోగించింది. తక్కువ గాఢత ఉన్న హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే ఈ కణం ఎంజైములా ప్రవర్తించి, బ్యాక్టీరియాను చంపి బంకను కోసే రాడికల్స్ అనే చురుకైన అణువులను పుట్టిస్తుంది. ఆ పని ఆమ్లంలోనే జోరుగా సాగుతుంది. పళ్ళను పుచ్చబెట్టే పాచి తనే ఆమ్లం తయారుచేసుకుంటుంది కాబట్టి దాని గోతిలో అదే పడుతుంది. ఆమ్లం లేని చోట కణం దాదాపు ఊరికే ఉంటుంది. ఎలుకల్లో పుచ్చు తగ్గిందని 2018లో ప్రకటించారు, తరువాత మనుషుల నోట్లో అమర్చిన ఎనామెల్ ముక్కల మీదా చూపారు. ఇక్కడ కణం ఎంపికకు ముందే పాకుడు ఉన్న చోటును చదివారు. చేత్తో మందు పెట్టగలిగే చోటు, ఆమ్లం ఉన్న చోటు, రోజూ మళ్ళీ పెట్టగలిగే చోటు. కాథెటర్ లోపల ఈ మూడింటిలో ఏది ఉందో మీరే ఆలోచించండి.

వెండికి నిరోధకత రాదని మీ నివేదిక పరిచయంలో రాసి ఉంటే కొట్టేయండి. 1975లో బోస్టన్‌లో కాలిన గాయాల వార్డులో వెండిని తట్టుకునే సాల్మొనెల్లా బ్యాక్టీరియా దొరికింది, ఆ శక్తినిచ్చే జన్యువులు ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి పోగల డీఎన్ఏ ఉంగరం) మీద ఉన్నాయని తరువాత తేలింది. నానో కణాలకు ప్రత్యేకంగా మరో దారి ఉంది. చెక్ దేశంలోని ఓలోమోట్స్ పరిశోధకులు 2018లో చూపినదాని ప్రకారం, వెండి కణాలకు పదేపదే గురిచేసిన ఈ.కోలై, సూడోమోనాస్ జన్యువులేవీ మార్చుకోకుండానే తమ తోకల ప్రోటీన్ ఫ్లాజెలిన్‌ను ఎక్కువగా వదిలాయి. అది కణాలకు అంటుకుని వాటిని ముద్ద చేసింది. ముద్దయితే అయాన్ల కుండ మూత పడినట్టే. దీనికి వాళ్ళు కనుక్కున్న విరుగుడు ఏమిటో తెలుసా? దానిమ్మ తొక్క కషాయం, అది ఫ్లాజెలిన్ తయారీని అణచింది. అనంతపురం వైపు దానిమ్మ తోటలకు కొదవ లేదు. ఆకులు, తొక్కల మీద మీకున్న ఆసక్తికి ఇది వేప కన్నా మంచి దారి. కషాయాన్ని కణాల తయారీకి కాక, కణాలకు తోడుగా వాడి చూడటం.

మీకు ఇంకా ఆరు నెలల సమయం ఉందన్నారు. నేనైతే ఇలా చేస్తాను. సూడోమోనాస్‌ను పక్కన పెట్టి ప్రోటియస్ మిరాబిలిస్ అనే బ్యాక్టీరియాను తీసుకుంటాను. ఎక్కువకాలం కాథెటర్ ఉన్నవాళ్ళను ఏడిపించేది అదే. దాని యూరియేజ్ ఎంజైము యూరియాను అమ్మోనియాగా మార్చి మూత్రాన్ని క్షారం చేస్తుంది, మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు పేరుకుని గొట్టం మూసుకుపోతుంది. వెండి పూత ఉన్న కాథెటర్లను కూడా అది వదలదు, పూత మీద స్ఫటికాలు పరిచేస్తుంది. సిలికాన్ కాథెటర్ ముక్కలు, కృత్రిమ మూత్రం, 37 డిగ్రీలు, 48 గంటల ముదురు బయోఫిల్మ్. వెండి కణాలు, సమానమైన వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్, ఒట్టి కషాయం, కడిగిన నీళ్ళు. వీలైతే దానిమ్మ తొక్క ఒంటరిగా ఒకసారి, కణాలతో కలిపి ఒకసారి. కాలనీల లెక్కతో పాటు ద్రవం పీహెచ్ గంట గంటకూ రాసుకోండి. దానికి ఖర్చు లేదు, ప్రోటియస్ బతికి ఉందో లేదో కాలనీలు కనబడేలోపే అది చెప్పేస్తుంది.

సిల్వర్ నైట్రేట్ వరుస ఫలితం వచ్చాక నాకు రాయండి. కణాలూ నైట్రేటూ సమానంగా తేలితే మీ గైడ్‌కు ఆ మాట ఎలా చెప్పాలో కూడా మాట్లాడుకుందాం. మాకు దానికి రెండు వారాలు పట్టింది.